పన్ను కట్టేవాళ్ళకేనా ఇంటి సాయం?

పోయిన సంక్రాంతి సెలవులకు బెంగుళూరు నుంచి వచ్చిన మా సంఘం యువకుడొకడు, ఆరాధన ముగిశాక నా పక్కన కూర్చుని ఫోను తీశాడు. జనవరి వచ్చిందంటే కంపెనీలు పన్ను మినహాయింపుల కాగితాలు అడుగుతాయి. బ్యాంకు ఇచ్చిన ఇంటి అప్పు వడ్డీ సర్టిఫికెట్ నాకు చూపించి, "అయ్యగారూ, ఇల్లు కొన్నందుకు ఈ సంవత్సరం 62,400 రూపాయలు పన్ను మిగిలింది. దేవుని కృప" అన్నాడు. సంతోషించాను. ఆ కుర్రవాడి నాన్న మునిసిపాలిటీలో పారిశుద్ధ్య పని చేసి పోయాడు. వాళ్ళ ఇంట్లో మొదటి డిగ్రీ వాడిదే, మొదటి సొంత ఇల్లూ వాడిదే.

మేము మాట్లాడుకుంటుంటే వాడి పెద్దమ్మ చాపలు చుట్టి గోడకు ఆనిస్తూ ఉంది. ఆమెకు యాభై దాటాయి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో కూలి. 2023 డిసెంబరు 17, 18 తేదీల్లో తూత్తుకుడి జిల్లాలో కురిసిన వానను మీరు టీవీలో చూసే ఉంటారు. ఒక్క కాయల్‌పట్టణంలోనే ఒక రోజులో 95 సెంటీమీటర్లు. ఆ వానకు మా వైపు ఈ అక్క ఇంటి వెనక గోడ కూలిపోయింది. అప్పు చేసి, సిమెంటు కొని, మళ్ళీ కట్టుకుంది. ఆమెకు ఎంత పన్ను మిగిలింది? ఒక్క రూపాయి లేదు.

ఒకే కుటుంబం, ఒకే సంఘం, ఇద్దరూ ఇంటి కోసమే అప్పు చేశారు. జీతం ఎక్కువ ఉన్నవాడికి ప్రభుత్వం సాయం చేసింది, గోడ కూలినామెకు చేయలేదు. ఇందులో ఆ కుర్రవాడి తప్పేమీ లేదు. లెక్క అలా వ్రాసి పెట్టి ఉంది. ఆ లెక్కను మన యువత ఒకసారి విప్పి చూడాలని ఈ నాలుగు మాటలు.

ముందు మేముండే చోటు గురించి చెప్పాలి. నేను ప్రకాశం జిల్లా వాణ్ణి. సేవ కోసం తమిళనాడు వచ్చి కోవిల్‌పట్టి దగ్గర స్థిరపడ్డాను. ఇక్కడి నుంచి విరుదునగర్ దాకా నల్లరేగడి నేల. ఆ నేల మీద కొన్ని వందల ఏళ్ళుగా తెలుగు మాట్లాడే ఊళ్ళున్నాయి. కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకర్లు, ఊరి చివర అరుంధతీయులు. అరుంధతీయులంటే ఎవరో అనుకోకండి, మన మాదిగ సోదరులకు రక్తబంధువులే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. బైబిలు తమిళంలో చదివి, కన్నీళ్ళ ప్రార్థన మాత్రం తెలుగులో చేస్తారు. తెలుగు అక్షరాలు చాలామందికి రావు. కనుక ఈ వ్యాసం ఆ అక్క చదవలేదు, నేనే చదివి వినిపించాలి.

పాంచాలంకురిచ్చి కూడా ఈ వైపుదే. వీరపాండ్య కట్టబొమ్మన తెలుగు వంశపు పాళెగాడు. ఆర్కాటు నవాబు చేతిలో ఉన్న పన్ను వసూలు హక్కు 1792 ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. ఆ తర్వాత బకాయిల తగాదా మొదలైంది. కలెక్టర్ జాక్సన్ 1798లో ఆయన్ని రామనాథపురం పిలిపించుకున్నాడు, అక్కడ గొడవ జరిగింది. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఆయన్ని ఉరితీశారు. తమ్ముడు ఊమైదురై 1801లో పాళయంకోట చెర నుంచి తప్పించుకుని వచ్చి, కూల్చిన మట్టికోటను రోజుల్లో మళ్ళీ కట్టించాడు. కంపెనీ సైన్యం మళ్ళీ పట్టుకుంది. ఈసారి ఊరకే కూల్చలేదు. నేలమట్టం చేసి, దున్నించి, ఆముదాలు చల్లించిందని చరిత్రలో వ్రాశారు. అక్కడ మళ్ళీ ఎవరూ ఇల్లు కట్టుకోకూడదని. ఇప్పుడు మనం చూసే కోట 1974లో తమిళనాడు ప్రభుత్వం జ్ఞాపకార్థం కట్టినది.

మా యువజన కూటం పిల్లలను అక్కడికి తీసుకెళ్ళినప్పుడు వాళ్ళు కత్తుల బొమ్మలే చూస్తారు. నాకు మాత్రం ఆ ఆముదాలే గుర్తొస్తాయి. పన్ను కట్టనివాడికి నిలువనీడ ఉండకూడదన్నది కంపెనీ తీర్పు. ఈనాటి ప్రభుత్వం అంత క్రూరమైనదని నేను అనను, అది అబద్ధమవుతుంది. కానీ ఆదాయపన్ను కట్టేవాడి ఇంటికి ఒక లెక్క, కట్టే స్తోమత లేనివాడి ఇంటికి ఇంకో లెక్క నేటికీ ఉంది.

ఆ లెక్క ఇది. 1961 ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ 24 ప్రకారం, సొంతంగా ఉండే ఇంటి మీద అప్పుకు కట్టిన వడ్డీలో ఏడాదికి 2 లక్షల రూపాయల వరకు ఆదాయం నుంచి తీసివేయవచ్చు. 2014 వరకు అది లక్షన్నర. తీర్చిన అసలును, రిజిస్ట్రేషనుకు పెట్టిన స్టాంపు ఖర్చును సెక్షన్ 80సి కింద లక్షన్నరలో చూపించుకోవచ్చు. (2026 ఏప్రిల్ నుంచి అమలయ్యే కొత్త చట్టంలో ఈ సెక్షన్ల నంబర్లు వేరు.) వినడానికి అందరికీ ఒకటే సాయం అన్నట్టు ఉంటుంది. కాదు. 30 శాతం పన్ను శ్లాబులో ఉన్నవాడికి ఆ 2 లక్షల మీద, సెస్సుతో కలిపి, 62,400 రూపాయలు మిగులుతాయి. 20 శాతం శ్లాబులో ఉన్నవాడికి 41,600. పాత పద్ధతిలో పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 5 లక్షల లోపు ఉన్నవాడికి ఎలాగూ పన్ను లేదు కాబట్టి మిగిలేది సున్నా. అంటే జీతం పెరిగేకొద్దీ సాయం పెరుగుతుంది. పెద్ద ఇంటికి పెద్ద సాయం, చిన్న ఇంటికి చిన్న సాయం, గుడిసెకు ఏమీ లేదు.

కొత్త పన్ను పద్ధతిలో ఉన్నవాళ్ళకు సొంతంగా ఉండే ఇంటి వడ్డీ మీద ఈ మినహాయింపు లేదు. 2025 బడ్జెట్ తర్వాత ఆ పద్ధతిలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను పడదు. కాబట్టి మధ్యస్థంగా జీతం తెచ్చుకునే మన పిల్లలు చాలామంది అటే పోతున్నారు. ఇక పాత పద్ధతిలో నిలిచి ఇంటి మినహాయింపు వాడుకునేది ఎక్కువగా పెద్ద జీతం, పెద్ద అప్పు ఉన్నవాళ్ళే అవుతారని నా అంచనా. ఇంకో మాట. ఉండే ఇల్లు కాక రెండో ఇల్లు ఖాళీగా పెట్టుకుంటే, దానికి అద్దె వచ్చినట్టు లెక్కగట్టి పన్ను వేసేవారు. 2019 బడ్జెట్‌తో అది కూడా పోయింది. ఇంటికి ఇల్లు చేర్చుకుంటూ పోయేవాళ్ళ గురించి యెషయా ఐదో అధ్యాయంలో ఏమన్నాడో ఆదివారం బడి పిల్లలకు కూడా తెలుసు. మన పన్ను చట్టం మాత్రం ఆ రెండో ఇంటికి తాళం చెవి మర్యాదగా చేతికిచ్చింది.

"పన్ను కట్టేది మేము, కట్టనివాళ్ళకు సాయం ఎందుకివ్వాలి?" అని మన యువకులే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నలా కనబడుతుంది. అందుకే ఆ అక్క కొన్న సిమెంటు బస్తా లెక్క చూడాలి. 2025 సెప్టెంబరు 22 వరకు సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం. బస్తా అసలు ధర 300 అయితే 84 రూపాయలు పన్ను. ఇప్పుడు 18 శాతానికి తగ్గింది, మంచిదే, 54 రూపాయలు. ఇనుము మీద 18 శాతం. ఆమె గోడ కట్టింది 28 శాతం రోజుల్లో. ప్రతి బస్తా మీదా పన్ను కట్టింది. రసీదు కూడా ఎవరూ ఇవ్వలేదు. ఆదాయపన్నుకు మినహాయింపు ఉంది, సిమెంటు పన్నుకు మినహాయింపు లేదు. ఫారం 16 లేనంత మాత్రాన ఆమె పన్ను కట్టని మనిషి కాదు.

ఇక్కడి నేల సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది. పునాది లోతుగా వేయకపోతే రెండేళ్ళకే గోడ చీలుతుంది. అందుకని ఇక్కడ పేదవాడి డబ్బు సగం కంటికి కనబడని చోట, భూమిలోనే పోతుంది. మా ఊరి మేస్త్రీ "మీ ఆంధ్రా ఎర్రనేల మీద ఇల్లు కట్టడం కూడా ఒక పనేనా" అని నన్ను ఎగతాళి చేస్తుంటాడు.

పేదల కోసం పథకాలు లేవా? ఉన్నాయి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2015లో పట్టణాలకు వచ్చినప్పుడు అందులో వడ్డీ రాయితీ ఒకటి పెట్టారు. ఏడాదికి 6 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకు 6 లక్షల అప్పు వరకు 6.5 శాతం వడ్డీ ప్రభుత్వమే భరించింది. 2 లక్షల 67 వేల దాకా అప్పు ఖాతాలోనే జమయ్యేది. ఇల్లు ఆ ఇంటి ఆడమనిషి పేరున, లేదా ఆమె పేరు కలిపి ఉండాలన్న నిబంధన కూడా పెట్టారు. ఇది నాకు నచ్చిన పద్ధతి. పన్ను కట్టావా లేదా అని అడగదు. 2022 మార్చితో అది ఆగింది. 2024 సెప్టెంబరులో వచ్చిన రెండో విడతలో రాయితీ 1 లక్షా 80 వేలకు తగ్గింది, అదీ ఐదు వార్షిక వాయిదాల్లో. పల్లెల్లో అయితే మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1 లక్షా 20 వేలు. తమిళనాడు ప్రభుత్వం 2024లో కలైజ్ఞర్ కనవు ఇల్లం పేరుతో గుడిసెల్లో ఉన్నవాళ్ళకు ఇంటికి మూడున్నర లక్షలు ప్రకటించింది. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ళకు 5 లక్షలు.

అన్నిటికీ వాకిట్లో ఒకటే ప్రశ్న: పట్టా ఉందా? అప్పు ఇచ్చే బ్యాంకూ అదే అడుగుతుంది, సాయం ఇచ్చే పథకమూ అదే అడుగుతుంది. అక్క ఇల్లు పోరంబోకు మీద ఉంది. (ఈ పోరంబోకు అనే మాట తమిళానికీ తెలుగుకూ ఒకటే. రెండు భాషల్లోనూ అది తిట్టు కూడా అయింది. స్థలం లేనివాణ్ణి తిట్టడానికి రెవెన్యూ శాఖ మాటను వాడుకున్న జాతులం మనం.) వాళ్ళ తాత కాలం నుంచి అక్కడే ఉన్నారు. కరెంటు మీటరు ఉంది, ఓటు ఉంది, రేషను కార్డు ఉంది, పట్టా లేదు. కనుక ఆమె గోడకు వచ్చిన అప్పు గృహరుణం కాదు, వారం వారం కట్టే గ్రూపు లోను. దాని వడ్డీ ఆ కుర్రవాడి ఇంటి అప్పు వడ్డీకి రెండింతలు దాటి ఉంటుంది. వసూలుకు వచ్చేవాడు వాకిట్లో నిలబడడు, లోపలికి వచ్చి కూర్చుంటాడు. తాకట్టు తీసుకోవడానికి అప్పిచ్చినవాడు ఇంట్లోకి అడుగు పెట్టకూడదు, బయటే నిలవాలి అని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చెబుతుంది. నేను ఒకసారి ఆ వసూలు తమ్ముడితో ఈ మాట అంటే, "మా మేనేజరుకు చెప్పండయ్యా" అన్నాడు. వాడూ ఎవరి ఇంటి పిల్లవాడో.

ఇంకొకటి, మనవాళ్ళు గట్టిగా మాట్లాడడానికి భయపడేది. కేంద్రం ఇచ్చే గ్రామీణ ఇళ్ళలో 60 శాతం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, మనల్ని కలపలేదు. తమిళనాడులో మతం మారినవాళ్ళు బీసీ జాబితాలోకి పోతారు. ఆంధ్రప్రదేశ్‌లో 1977 జీవోతో కొన్ని ఆర్థిక సౌకర్యాలైనా అందాయి. గోడ కూలినప్పుడు వాన కులం అడగలేదు, మతం అడగలేదు. ఫారం మాత్రం రెండూ అడుగుతుంది. అర్జీ వ్రాయడానికి కూర్చున్న రోజు ఆ గడి దగ్గర అక్క కలం ఆపి, "అయ్యగారూ, ఇక్కడ ఏమి పెట్టాలి?" అని నా ముఖం చూసింది. బాప్తిస్మం ఇచ్చిన చేయి నాది. నాకు వెంటనే జవాబు రాలేదు.

ఇప్పుడు నా సంగతి ఒప్పుకోవాలి. నా భార్య టీచరు. ఒంగోలులో మాకొక చిన్న ఇల్లుంది. ఆ అప్పు వడ్డీ మీద ఆరేళ్ళ పాటు మేమూ మినహాయింపు తీసుకున్నాం. ఏ సంవత్సరమూ దాన్ని ప్రభుత్వ సాయం అనుకోలేదు, మా కష్టార్జితం మాకు మిగిలిందనే అనుకున్నాం. ఎదురింటివాళ్ళకు ఆవాస్ యోజన ఇల్లు వస్తే మాత్రం "ఉచితం" అన్నాం. రెండూ ఒకే ఖజానాకు చెందిన డబ్బు. వదులుకున్న పన్ను కూడా ఖర్చేనని ప్రభుత్వమే ఒప్పుకుంటుంది. 2006 నుంచి బడ్జెట్ పత్రాలతో పాటు, మినహాయింపుల వల్ల ఎంత రాబడి పోయిందో చూపే పట్టిక వేస్తోంది. కాకపోతే ఆ పట్టికను ఎవరూ ఉచితాల జాబితా అనరు.

నెహెమ్యా ఐదో అధ్యాయం నన్ను పట్టుకున్నది ఇక్కడే. రాజుకు పన్ను కట్టడానికి జనం పొలాలు, తోటలు కుదువ పెట్టారు. ధాన్యం కోసం ఇళ్ళు కుదువ పెట్టారు. నెహెమ్యా ప్రధానులను గద్దించాడు. తానూ తన సహోదరులూ కూడా అప్పులిస్తున్నామని దాచకుండా చెప్పాడు. ఆ తర్వాతే పొలాలు, తోటలు, ఇళ్ళు తిరిగి ఇచ్చేయమన్నాడు. ప్రసంగాల్లో మనం ఆయన కట్టిన గోడ గురించే చెబుతాం. ఈ అధ్యాయం దగ్గర పేజీ త్వరగా తిప్పేస్తాం.

మరి ఏమి చేయాలి? అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. 2008లో ఇళ్ళ ధరలు కూలినప్పుడు అక్కడ మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకు 7,500 డాలర్ల పన్ను క్రెడిట్ ఇచ్చారు. మొదట అది పదిహేనేళ్ళలో తిరిగి కట్టాల్సిన వడ్డీ లేని అప్పులాంటిది. 2009లో దాన్ని 8,000 చేసి, తిరిగి కట్టనక్కరలేదన్నారు. మనం గమనించాల్సింది అంకె కాదు. అది ఆదాయం నుంచి తీసివేసే మినహాయింపు కాదు, పన్నులోంచే తగ్గించే క్రెడిట్. కట్టాల్సిన పన్ను అంతకన్నా తక్కువైతే మిగతాది చెక్కు రూపంలో ఇంటికే వచ్చేది. నిజమే, ఎలాగూ కొనబోయేవాళ్ళకే అందులో చాలా భాగం పోయిందన్న విమర్శ ఉంది. ముందు డబ్బు పెట్టగలిగినవాడికే తర్వాత చెక్కు వస్తుంది కదా. అయినా ఆ పద్ధతిలో న్యాయం ఉంది. జీతం పెరిగితే సాయం పెరగదు.

మన దేశంలోనూ అలాగే చేయవచ్చు. శ్లాబును బట్టి కాక, మొదటి ఇంటికి అందరికీ ఒకే మొత్తం. పన్ను కట్టేవాడికి పన్నులో తగ్గించండి, కట్టనివాడికి ఖాతాలో వేయండి. రెండో ఇంటికి ఏమీ వద్దు. దీనికంటే ముందు పోరంబోకు మీద తరాలుగా ఉన్నవాళ్ళకు పట్టా ఇవ్వండి, ఆడవాళ్ళ పేరున. పట్టా లేకుండా ఏ క్రెడిటూ ఆ అక్క ఇంటి దాకా రాదు.

మధ్యతరగతి దళిత యువకుడికి సాయం తీసేయమని నేను అడగడం లేదని మళ్ళీ చెబుతున్నాను. పేరు విని, ఊరు విని, "మీరు ఏమిట్లు?" అని అడిగి, ఇల్లు ఖాళీ లేదనే యజమానులు బెంగుళూరులోనూ ఉన్నారు, హైదరాబాదులోనూ ఉన్నారు. మా కుర్రవాడు అప్పు చేసి ఫ్లాటు కొన్నది పన్ను కోసం కాదు. మూడు చోట్ల అద్దెకు ఇవ్వమన్నాక కొన్నాడు. సొంత తాళం చెవి వాడికి గౌరవం.

ఆ రోజు వాడికి ఈ లెక్కంతా చెప్పాను. కొంచెం నొచ్చుకున్నాడు. "అయితే నేను వదులుకోవాలా అయ్యగారూ?" అన్నాడు. వద్దన్నాను. చట్టం ఇచ్చింది తీసుకో, కానీ అది నీకు వచ్చిన సాయమని తెలుసుకుని తీసుకో, పెద్దమ్మ అర్జీకి నువ్వు తోడు నిలబడు అన్నాను. వాడు తమిళం బాగా వ్రాస్తాడు, నాకంటే ఎంతో మేలు. సెలవు రెండు రోజులు పొడిగించుకుని, పాత కరెంటు బిల్లులు, ఓటరు జాబితా, వాళ్ళ అమ్మమ్మ పేరున ఉన్న ఇంటిపన్ను రసీదు అన్నీ వెతికి ఫైలు కట్టాడు. ఆ రసీదు చూసి అందరం ఆశ్చర్యపోయాం. స్థలం నీది కాదన్నారు గానీ, ఇంటిపన్ను మాత్రం ఏళ్ళ తరబడి కట్టించుకున్నారు.

సోమవారం కలెక్టరేటులో అర్జీల రోజు. పెద్దమ్మా, కొడుకూ కలిసి వెళ్ళి ఇచ్చి వచ్చారు. నంబరు వేసిన రసీదు ఇచ్చారు. సర్వేయరు వచ్చి కొలవాలన్నారు. ఇంకా రాలేదు.